ఎవరు దంచిన పసుపు

“నువ్వు రోకలి పట్టకుంటే దంచుడే వద్దు. దుకాణంల పాకెట్ తెచ్చి పూసుకుంట,” అంది నా మనవరాలు సంధ్య.

“పాకెట్ పసుపా? ఆర్మూర్ల పుట్టి పాకెట్ పసుపు పూసుకుంటవా? నలుగురు వింటే నవ్వుతరు. లారీలకు లారీలు మన ముంగట్నుంచే పోతుంటే,” అన్నాను నేను.

“అయితే పట్టు.”

“నేను పట్ట. మీ తాత పోయి పదకొండేండ్లాయె. ఐదుగురు ముత్తైదువలు దంచాలె. నా చెయ్యి పడ్డ పసుపు పెండ్లిపిల్ల మొకానికి తాకొద్దు. గింత సదువుకున్నవు, గది తెల్వదా?”

“సదువుకున్నంక అస్సలే సమజైతలేదు నానమ్మా. గా కొమ్ములు ఏరింది ఎవరు? ఎండవెట్టింది ఎవరు? పసుపు మార్కెట్ యార్డుల పనిచేసినన్ని దినాలు నీ చేతులు పచ్చగనే ఉండె గద.”

“గది పని. గిది శుభం.”

“పని యాడ అయిపోయింది, శుభం యాడ మొదలైంది? జర గీత గీసి చూపెట్టు.”

సంధ్య నా పెద్దకొడుకు కూతురు. నిజామాబాదులో రక్తపరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తుంది. రోజూ పదిమంది చేతులకు సూది గుచ్చి గుచ్చి, మాట కూడా అలాగే మాట్లాడడం అలవాటైంది. నరం ఎక్కడుందో చూసి మరీ గుచ్చుతుంది. మరునాడు పొద్దున్నే మా వాకిట్లో దాని పెండ్లి పసుపు దంచే కార్యం. మస్కట్‌లో క్రేను నడిపే నా కొడుకు సెలవు పెట్టి వచ్చి, ఆడవాళ్ళ గొడవ అనుకుని గోడవైపు తిరిగి ఫోను చూసుకుంటున్నాడు. నా కోడలు వంటింటి గడపలో నిలబడి, “అత్తమ్మ చెప్పింది నిజమే గదనే,” అని మెల్లగా అంది. ఆ మెల్లదనంలో నా మీద ప్రేమ కంటే వాళ్ళ పుట్టింటి చుట్టాల భయమే ఎక్కువ ఉందని నాకు తెలుసు. అయినా నా పక్షాన ఒక్కరైనా మాట్లాడారు కదా అని ఊరుకున్నాను.

నాకు కోపం వస్తే చేతికి పని దొరకాలి. దంచడానికి తీసిపెట్టిన కొమ్ముల చాట పట్టుకుని వెనక అరుగు మీదికి పోయి, ఏరినవాటినే మళ్ళీ ఏరడం మొదలుపెట్టాను. నన్ను ఈ ఇంట్లో అందరూ పిసినారి అంటారు. అననీ. అరిగిన సబ్బుముక్కను కొత్త సబ్బుకు అతికిస్తాను, పూలదండ వాడిపోతే దారం విప్పి చుట్టి పెడతాను. ఇప్పుడు ఇది రాస్తున్నది కూడా పోయిన ఏటి క్యాలెండరు కాగితాల వెనకే. మూడో తరగతి సగంలో బడి మానేసినదాని రాతకు తెల్లకాగితాలు దండగ. అక్షరాలు పెద్దవిగా పడతాయి కాబట్టి ఒక్కో నెల కాగితానికి ఒక ముచ్చటే పడుతోంది.

అయితే ఆ రోజు నా భయం ఉత్తది కాదని ముందే చెప్పాలి. చుట్టాలు ఏమంటారో అన్నది ఒక భయం, అది చిన్నది. పెద్దది వేరే ఉంది. నేను దేవుణ్ణి నమ్మినదాన్ని. మంగళవారం పోచమ్మకు నీళ్ళు పోయనిదే నోట్లో ముద్ద పెట్టను. అలాంటిదాన్ని, అమ్మవారి కట్టుబాటు దాటి రోకలి పడితే, రేపు ఆ పిల్లకు గానీ దాని మొగుడికి గానీ ఏదైనా జరిగితే? జరగదని సంధ్య ల్యాబులో ఏ పరీక్ష చెప్పగలదు? జరిగితే నా చేతుల్ని నేను ఎక్కడ దాచుకోవాలి? అదీ నా మనసులో ఉన్నది.

అప్పుడే పక్కింటి రూతమ్మ వెల్లుల్లి ఒలవడానికి వచ్చి నా పక్కన కూర్చుంది. రూతమ్మా నేనూ ఏండ్ల తరబడి ఒకే అరుగు మీద బీడీలు చుట్టినవాళ్ళం. ఆమెకూ మొగుడు లేడు. ఆదివారం చర్చికి పోతుంది, సోమవారం నుంచి నాతో పోట్లాడుతుంది. పోయిన ఏడు తన మనవడి పెండ్లిలో పిల్లవాడికి మొదటి పసుపు తనే పూసింది. అది చూసి నేను నెల రోజులు సణిగాను.

లోపలి గొడవంతా ఆమె గోడ అవతలి నుంచి విననే విన్నది. వెల్లుల్లిపొట్టు ఊదుకుంటూ నన్ను అడిగింది: “వదినా, ఒక్క మాట. నువ్వు భయపడేది నీ దేవతకా, నీ కోడలి చుట్టాలకా?”

“నీకేం తెలుస్తది. మీ పాస్టరు ప్రార్థన చదివి అయిపోగొట్టేసరికి నువ్వు పూసిన పసుపు ఎండి రాలింది. గదే మీ శుభం,” అన్నాను.

“రాలితే రాలింది. పూసిన చెయ్యి ఎవ్వరిదని మాత్రం ఎవ్వడు అడుగలే,” అంది రూతమ్మ.

ఎవరి చెయ్యి అన్న మాట చెవిన పడగానే నాకు నవ్వొచ్చింది. నవ్వే సమయం కాదు, నవ్వే మనిషినీ కాను. చాటలో కొమ్ములు గలగలలాడేలా పొట్ట కదిలింది. రూతమ్మ నాకు పిచ్చి పట్టిందేమోనని వెల్లుల్లి పక్కన పెట్టి చూసింది. చిన్నప్పటి నుంచి నా పొట్టలోనే ఉండిపోయిన ముచ్చట ఒకటి, ఆ మాటకు లేచి కూర్చుంది.

మా అమ్మకు నాలుగో కాన్పు కష్టమైతే నన్ను బడి మాన్పించి వేల్పూరులో మా అమ్మమ్మ దగ్గర వదిలారు. అమ్మమ్మకు పెండ్లయిన కొద్ది ఏండ్లకే తాత పోయాడట; నేను ఆయన్ను చూడలేదు, మా అమ్మకే సరిగా గుర్తులేడు. ఆ ఊళ్ళో పసుపు ఉడకబెట్టే నెలల్లో గాలి కూడా పచ్చగా ఉండేది. పెద్ద ఇనుప కొప్పెరలో కొమ్ములు పోసి, పైన పసుపు ఆకులు కప్పి, పత్తికట్టె మంట పెడితే, ముందు పచ్చి మట్టివాసన వచ్చేది, తర్వాత ఏదో చేదు, ఆ తర్వాత గొంతులో దిగే తీపి. తీపి వాసన రాగానే అమ్మమ్మ చీపురుపుల్ల గుచ్చి చూసి, “దించుండ్రి,” అనేది. ఇంకొకరు గుచ్చి చెబితే ఎవరూ నమ్మేవారు కాదు. కళ్ళంలో ఆరబోశాక రోజూ ఒక కొమ్మును చెవి దగ్గర విరిచేది. మెత్తగా విరిగితే ఇంకా ఎండాలి. గంటలాగా టంగుమంటే అయినట్టు. ఆ రోజుల్లో కోళ్ళ కాళ్ళు పచ్చన, గోడలు పచ్చన, పాలకు వచ్చే పిల్లి మీసాలు పచ్చన. మా ఇంట్లో పచ్చగా లేనిది అమ్మమ్మ మొహం ఒక్కటే. పని ముగించి ఇంటికి రాగానే బూడిదతో తోముకుని తోముకుని కడుక్కునేది.

ఆమె భక్తి నేను పురాణాల్లో విన్న భక్తిలా ఉండేది కాదు. మబ్బు పట్టిన రోజున చెంబెడు నీళ్ళతో పోచమ్మ రాయి దగ్గరికి పోయి, కోడలితో మాట్లాడినట్టు మాట్లాడేది: “ఏం తల్లీ, కొమ్ములు కళ్ళంల ఉన్నయని తెల్సి గూడ మొగులు తెచ్చినవు. జర ఆవలి ఊరి దిక్కు తోలరాదు.” మబ్బు పోతే పొగిడేది కాదు. పోకపోతే మరునాడు నీళ్ళు పోసేది గానీ మాట్లాడేది కాదు. దేవతతో అలగడం నేను ఆమె దగ్గరే చూశాను.

ఆ రోజుల్లో పెండ్లి పసుపు గిర్నీలో పట్టించేవారు కాదు, వేడికి మాడితే అశుభం అని. చేత్తోనే దంచాలి. దంచేది ఐదుగురు ముత్తైదువలు. పట్టుచీరలు కట్టుకుని, రోకలికి పసుపుకొమ్ము, తమలపాకు కట్టి, పాట పాడుతూ తలా నాలుగు పోట్లు వేసేవారు. ఎండిన పసుపుకొమ్ము అంటే ఏమిటో తెలిసినవాళ్ళకు మిగతాది చెప్పనక్కర లేదు. రాయి నయం. నాలుగు పోట్లకు అది రెండు ముక్కలైతే గొప్ప. మరి పెండ్లిపిల్లకు పూసే వెన్నలాంటి మెత్తటి పసుపు ఎక్కడిది? అదీ రహస్యం. కార్యానికి ముందురోజు, ఊరంతా చేలల్లో ఉన్న మిట్టమధ్యాహ్నం, పెండ్లివాళ్ళింటి ముసలమ్మ ఎవరో కొంగు కింద మూట పెట్టుకుని మా వెనక తలుపు దగ్గరికి వచ్చేది. మాట లేదు, మంతి లేదు. మూట పెట్టి పోయేది.

అమ్మమ్మ తలస్నానం చేసి, పొద్దుటి నుంచి ఏమీ తినకుండా, కొట్టం తలుపు వేసుకుని దంచేది. ఉత్తినే దంచేది కాదు. ఒక్కో పోటుకు పెండ్లిపిల్ల పేరు తలుచుకునేది, చల్లగుండాలని. ఆ పేరుతోనే ఊపిరి, ఆ పేరుతోనే దెబ్బ. పేరు పొడుగైతే ఆమెకు ఆయాసం వచ్చేది. ఎవరో ఒక పిల్లకు అనసూయ అని పెట్టినందుకు ఆ మధ్యాహ్నమంతా ఆ పిల్ల తండ్రిని తిట్టింది. పేరు పెట్టేముందు దంచేవాళ్ళను అడగాలట. నా పని పల్చటి గుడ్డలో జల్లించడం. తుమ్ము పడకూడదని నా ముక్కూ నోరూ కొంగుతో కట్టేసేది. తుమ్ము ఆగేది కాదు. తుమ్మినప్పుడల్లా ఆమె రోకలి ఎత్తి నా వైపు చూసేది, నేను పచ్చటి మొహంతో పగలబడి నవ్వేదాన్ని.

కార్యం రోజున ముత్తైదువలు దంచిన ముక్కలు ఒక గంపలోకి, అమ్మమ్మ దంచిన పొడి వెండి పళ్ళెంలోకి పోయేవి. ఎవరు ఎప్పుడు మార్చేవారో కంటికి కనబడేది కాదు. అమ్మమ్మ మాత్రం పశువుల కొట్టం పక్కన, వంటపాత్రల దగ్గర కూర్చునేది.

సత్తెమ్మ అనే పిల్ల పెండ్లికి నన్నూ తీసుకుపోయింది. ఐదుగురిలో పెద్ద పటేలమ్మ. ఆమె అంటే ఊరికి ముత్తైదువతనానికి కొలత. గుండ్రటి మనిషి, గుండ్రటి ముక్కుపుడక, గుండ్రటి మొగుడు, ఐదుగురు గుండ్రటి పిల్లలు. ఏ శుభానికైనా మొదటి చెయ్యి ఆమెదే. ఆమె పళ్ళెంలోంచి పసుపు తీసి సత్తెమ్మ చెంపలకు మెత్తి, అందరి వైపు తిరిగి, “చూసిండ్రా, ముత్తైదువ చెయ్యి వడితే పసుపు గిట్లుంటది. ఎన్నపూస లెక్క,” అంది.

నేను దొంగతనం బయటపెట్టాలని అనలేదు. అమ్మమ్మను పొగడడం మరిచిపోయారని గుర్తు చేశాను, అంతే.

“గది మీరు దంచింది కాదు, మా అమ్మమ్మ దంచింది. మీరు దంచింది గా గంపల ఉన్నది, రాళ్ళ లెక్క,” అన్నాను.

పాట ఆగింది. పటేలమ్మ చెయ్యి సత్తెమ్మ చెంప మీదే అతుక్కుపోయింది. గంపలో ఉన్నది గంపలో ఉంది, పళ్ళెంలో ఉన్నది పళ్ళెంలో ఉంది. రెండూ కళ్ళ ముందే. ఎవరూ అబద్ధమాడే వీలు లేదు. మొహమంతా పసుపు పట్టించుకుని కళ్ళు మాత్రమే కదిలించగలిగిన సత్తెమ్మ ఆ కళ్ళను అటూ ఇటూ తిప్పి, “మరి గిప్పుడు కడుక్కోవాల్నా?” అని అడిగింది.

పటేలమ్మ వెనక్కి తిరిగి కొట్టం వైపు చూసింది. “అవ్వా, నిజమేనా?”

“నిజమే తల్లీ,” అంది అమ్మమ్మ. చేతులు ఒడిలో పెట్టుకుని, కూర్చున్న చోటి నుంచి లేవకుండా.

“ఎన్నేండ్ల సంది?”

“నీ పెండ్లికి గూడ నేనే దంచిన. నీ పేరు గంగ. పొట్టి పేరు గావట్టి జల్ది అయిపోయింది.”

పటేలమ్మ తన చేతిని చూసుకుంది. ఆ తర్వాత, నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది, ముందు ఆమె పొట్ట కదిలింది, తర్వాత గాజులు, తర్వాత ముక్కుపుడక. నవ్వు నోటిదాకా రావడానికి అంత దూరం ప్రయాణం చేసింది. ఆమె నవ్వాక నవ్వకుండా ఉండే ధైర్యం ఎవరికుంది? “మరి నాది?” అని ఒకామె, “నాది?” అని ఇంకొకామె. అమ్మమ్మ ఒక్కొక్కరికీ జవాబు చెప్పింది: నీది వానకాలం, కొమ్ములు చెమ్మవట్టి పొద్దువడ్డదాంక దంచిన, నీదాంట్ల కొమ్ములల్ల ఉండగడ్డ గోళలు కలిపి పంపిండ్రు, మీ అత్తకు ఇయ్యనీకి చెయ్యి రాదు, నీదప్పుడు నాకు జ్వరం. ఆడవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు పడి, పట్టుచీరలకు పచ్చటి చేతిముద్రలు వేసుకుంటూ నవ్వారు. ఊరి సౌభాగ్యమంతా మా అమ్మమ్మ కొట్టంలోంచి వచ్చిందని తెలిసి ఏడవాలో నవ్వాలో తెలియక నవ్వినట్టున్నారు. సత్తెమ్మ మొహం కడుక్కోలేదు.

అయితే అమ్మమ్మను ముందుకు రమ్మని ఎవరూ అనలేదు. పటేలమ్మ స్వయంగా భక్ష్యాలు తెచ్చి ఆమె ఆకులో వేసింది. మునుపటిలాగే దంచమని, ఈ పిల్లను మాత్రం తేవద్దని చెప్పి పోయింది.

ఇంటికి వచ్చే బండిబాటలో నా నెత్తి మీద ఒక మొట్టికాయ పడింది. పది అడుగులు నడిచాక అమ్మమ్మ కంచె పట్టుకుని నిలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. నేను అదను చూసి అడిగాను, ముత్తైదువలు దంచలేదని పోచమ్మకు కోపం రాదా అని.

“ఆమెకు తెల్వకుంట దంచిన్నానే? ఆమె చూస్తుంటేనే దంచిన. వద్దనలే.”

“మరి నువ్వు ముంగటికి ఎందుకు పోవు?”

నవ్వు ఆపి కళ్ళు తుడుచుకుంది. “వాళ్ళకు భయం బిడ్డా. భయపడేటోళ్ళను బెదిరియ్యొద్దు.”

ఈ ముచ్చటంతా వెనక అరుగు మీద రూతమ్మకు చెప్పేసరికి పొద్దు వాలింది. వెల్లుల్లి సగం కూడా ఒలవలేదు. రూతమ్మ కళ్ళు ఒత్తుకుంటూ నవ్వుతోంది. నాకు మాత్రం నవ్వు మధ్యలో ఒక ముల్లు తగిలింది. అమ్మమ్మ మాట మరిచిపోయానంటే అబద్ధం. గుర్తుండే పక్కన పెట్టాను. నా మొగుడు పోయిన పదోరోజు నుంచి, ఎవరూ నెట్టకుండానే నేనే వెనక్కి జరిగాను. అంతటితో ఆగలేదు. మా గల్లీలో ఏ పెండ్లయినా ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పే పెద్దరికం నేనే నెత్తికెత్తుకున్నాను. మొగుడు దుబాయిలో పోయిన ఒక చిన్నపిల్ల, తన సొంత చెల్లెలి పసుపు దగ్గర నిలబడి ఉంటే, “జర ఆవల కూసో బిడ్డా,” అన్నాను. ఆ పిల్ల మారు మాట లేకుండా జరిగింది. అమ్మమ్మ భయపడేవాళ్ళను బెదిరించొద్దంది. నేను భయపడేవాళ్ళలో చేరి, భయం లేనివాళ్ళను బెదిరించాను. ఇది రాయడానికి మంచి కాగితం వాడనందుకు సంతోషం.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటని సంధ్య నన్ను అడుగుతుంటుంది. నాకు తోచింది ఇది. మా కాలంలో కట్టుబాటును ముందు వాకిట్లో నిలబెట్టి, వెనక కొట్టంలో వంచుకునేవాళ్ళం. అందరికీ తెలుసు, ఎవరూ అనరు, బతుకు సాగేది. ఈ పిల్లలకు చాటు నచ్చదు. వంచేదేదో ముందు వాకిట్లోనే వంచమంటారు. వీళ్ళకు దేవుడంటే లెక్కలేదని నేను అనుకునేదాన్ని. ల్యాబుకు పోయే ముందు సంధ్య రోజూ దండం పెట్టుకునే పోతుంది, నేను చూస్తూనే ఉన్నాను. అది నన్ను రోకలి పట్టమన్నది దేవుడు లేడని కాదు, ఉన్నాడని. దాని దేవుడికి నా చేతులంటే రోత లేదు. ఆ మాటకొస్తే మా అమ్మమ్మ దేవతకూ లేదు. మధ్యలో రోత పడింది నేనొక్కదాన్నే. ఇది తట్టేసరికి నాకు మళ్ళీ నవ్వొచ్చింది. ఇంత వయసొచ్చి, రూతమ్మ వెళ్ళాక ఒంటరిగా, పసుపు చాట ముందు, తాగినదానిలా నవ్వాను.

ఏరిన చాట లోపలికి తెచ్చి గడప పక్కన పెట్టాను. కోడలు అన్నం పెట్టింది, తిని పడుకున్నాను.

మరునాడు ఏడింటికి రోలు వాకిట్లో పెట్టారు. నేను తలస్నానం చేసి, పోచమ్మకు నీళ్ళు పోసి వచ్చాను. కోడలి అక్క నన్ను చూసి, కూర్చోమన్నట్టు కుర్చీ ఒక పక్కకు జరిపింది. కూర్చోలేదు. రోకలి అందుకుని మొదటి ఐదు పోట్లు నేనే వేశాను. ఎవరో గొణిగారు, వినబడలేదన్నట్టు ఉండిపోయాను. తర్వాత ఐదుగురు ముత్తైదువలూ తలా నాలుగు వేశారు, ఫోటో అబ్బాయి ఆగమన్నచోట ఆగారు, ఉప్మా తినడానికి లోపలికి పోయారు. రోట్లో చూస్తే కొమ్ములు కొమ్ముల్లాగే ఉన్నాయి. రూతమ్మను పిలిచి ఇంకో రోకలి పట్టమన్నాను.

“నేనా? నేను మా ప్రభువుకే మొక్కుకుంట మరి,” అంది.

“నువ్వు ఎవ్వరికన్న మొక్కుకో, పోటు మాత్రం గట్టిగ వెయ్యి.”

తొమ్మిదింటికి పసుపు మెత్తగయింది. సంధ్యే గుడ్డ పట్టి జల్లించింది. దాని మొహానికి మొదట నేను పూశాను, తర్వాత రూతమ్మ, ఆ తర్వాత కాసేపు ఆలోచించి కోడలి అక్క. మేమిద్దరం లోపలికి పోయేసరికి ఉప్మా గిన్నె ఖాళీగా ఉంది. కోడలు మా ఇద్దరి కోసం పొయ్యి మీద మళ్ళీ ఎసరు పెట్టింది.